తొమ్మిది డబ్బాలు పట్టే అర

తిరుపతి,
3-5-1983, మంగళవారం.

ఏమండీ,

నిన్న పొద్దున తొమ్మిదిన్నరకే శిక్షణ కేంద్రం చేరాను. హాస్టలు గదిలో నలుగురం. అందరికన్నా పెద్దదాన్ని నేనే. పేరు రాసుకునేటప్పుడు టీచరు జ్ఞానాంబగారు నా వయసు చూసి, "నలభై ఆరా? ఇంట్లో ఎవరమ్మా వండేది?" అని అడిగారు.

"వండి పెట్టేసే వచ్చినాను మేడం, ముప్పై రోజులకూ" అన్నాను. గదంతా నవ్వింది. నేను నవ్వులాటకు చెప్పలేదు.

ఇక్కడ నియమం గట్టిది. ఈ నెలాఖరులోపు ఒక్క రోజు రాకపోయినా సర్టిఫికెట్ ఇవ్వరు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే చిత్తూరులో కొత్తగా పెట్టబోయే పండ్ల నిలవ కేంద్రంలో నేర్పే పని. అందుకని మన ఒప్పందం మరోసారి రాస్తున్నాను. ప్లీడరుగారి గుమాస్తా కదా మీరు, కాగితం మీద ఉంటేనే మీకు గుర్తుంటుంది. అత్తయ్య ఈ వయసులో మళ్ళీ గరిటె పట్టనన్నారు. హోటలు కూడు ముట్టనన్నారు. మీరేమో అమ్మ ఒక్క పూట పస్తున్నా టెలిగ్రాం ఇస్తానన్నారు. టెలిగ్రాం వస్తే ఎక్కడి చదువు అక్కడ వదిలి వచ్చేస్తానని నేను ఒప్పుకున్నాను.

ఆ టెలిగ్రాం రాకుండా ఉండాలనే పదిహేను రోజులు వండాను. ప్లీడరుగారు కొత్త ఫ్రిజ్జు కొని పాతది మనకిచ్చినప్పుడు, ఇంత పెట్టె అనుకున్నాను గానీ దాని ఐసు అర ఎంతని చూడలేదు. జానెడు ఎత్తు. ఐసు ట్రేలు రెండూ తీసేస్తే మన చిన్న స్టీలు డబ్బాలు తొమ్మిది పడతాయి. పదోది పట్టదు. అన్ని వైపులా తిప్పి చూశాను.

మామూలుగా వండింది వండినట్టు పెడితే డబ్బా ఒక పూటకే చాలలేదు. అప్పుడు తెలిసింది, ఐసు అరలో నీళ్ళకు చోటివ్వకూడదని. అందుకే అన్నీ ముద్దగా ఇగిర్చి పెట్టాను. డబ్బాలోది గిన్నెలో వేసి, అదే డబ్బాతో రెండు డబ్బాల వేడినీళ్ళు పోసి, రెండు పొంగులు రానివ్వండి. ఇద్దరికీ రెండు పూటలు వస్తుంది. ఉప్పు తక్కువగానే వేశాను, చివర సరిచూసుకోండి. ఉర్లగడ్డ ఎందుకు పెట్టలేదని అడగకండి. ఒకసారి పెట్టి చూశాను, గడ్డకట్టి కరిగాక ఇసకలాగా అయింది.

బుధవారాలు నాలుగు, ఆదివారాలు నాలుగు, వాటికి ఎనిమిది డబ్బాలు. తొమ్మిదోది ఎవరైనా చుట్టాలు వస్తే. మిగతా రోజులకు పులిహోర గొజ్జు, మూడు రకాల పొడులు, వడియాలు, ఊరమిరపకాయలు. మీరు చేయవలసింది అన్నం ఒక్కటే. ఏ డబ్బాలో ఏముందో, ఏ రోజుదో చీటీ రాసి ఫ్రిజ్జు తలుపుకు అంటించాను. వరుస తప్పకండి.

అత్తయ్యకు నా నమస్కారం చెప్పండి.

పంకజాక్షి


చిత్తూరు,
6-5-1983.

పంకజాక్షికి,

నీ ఒప్పంద పత్రం అందింది. షరతులన్నీ చదివి అమ్మకు వినిపించాను. ప్రతివాది మౌనంగా విన్నది, అంటే ఒప్పుకున్నట్టే.

బుధవారం నాడు ఒకటో డబ్బా తీశాను. చింతచిగురు పప్పు. రాయిలాగా ఉంది. గిన్నెలో వేస్తే ఠంగుమంది. అమ్మ పీట వేసుకుని కూర్చుని విచారణ మొదలుపెట్టింది.

"సద్ది అంటే కుండలో ఉండేది. మా కాలంలో దానికి కరెంటు బిల్లు కట్టింది లేదు" అంది.

"ఇది సద్ది కాదమ్మా" అన్నాను.

"అయిదు దినాల నాటిది సద్ది కాకుంటే ఇంగేందిరా? ఐసు శవానికి పెడతారు. పొప్పుకు పెట్టేది ఈడనే చూస్తాండాను."

నువ్వు చెప్పినట్టే రెండు డబ్బాల నీళ్ళు పోసి రెండు పొంగులు రానిచ్చాను. ఇల్లంతా చింతచిగురు వాసన. అమ్మ రెండుసార్లు వేయించుకుంది. బాగుందని మాత్రం అనలేదు. "వాసన యాడికీ పోలేదే" అంది. నీ లెక్కలో అది ఏ పద్దు కింద వస్తుందో రాసుకో.

కోర్టుకు వేసవి సెలవులు కదా, నాకు పని తక్కువ. పగలంతా ఇంట్లోనే. ఎదురింటి రంజాన్‌బీ నిన్న వచ్చి, "ఏమన్నా కావాల్నా వరదన్నా?" అని అడిగింది. ఏమీ వద్దన్నాను. మాకు తొమ్మిది డబ్బాల బలం ఉంది.

నీకు అక్కడి తిండి ఎలా ఉంది? రాయలేదు.

వరదయ్య


తిరుపతి,
9-5-1983.

ఏమండీ,

ఇక్కడ తిండి బాగానే ఉంది. చదువూ బాగానే ఉంది. నిమ్మరసం సీసాలకు ఎలా పట్టాలో, మామిడి జాము పాకం చల్లని పళ్ళెంలో చుక్క వేసి ఎలా చూడాలో చెప్పారు. నాతో ఉన్న ముగ్గురూ కాలేజీ చదివినవాళ్ళు. మంచి పిల్లలు.

మీరు చింతచిగురు పప్పు సంగతి రాసినప్పుడు ఆ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. శనివారం ఇక్కడ నాలుగు గంటలు కరెంటు పోయింది. చిత్తూరులోనూ పోయి ఉంటుందని దిగులు. ఇకముందు కరెంటు పోతే ఫ్రిజ్జు తలుపు అసలు తీయకండి. కరిగిన మంచు మళ్ళీ గడ్డకడితే డబ్బాలు గోడకు అతుక్కుంటాయి. అప్పుడు గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి డబ్బా మీద వేసి కాసేపు ఆగితే అదే వదులుతుంది. కత్తి, గరిటె కాడ, ఇనుప వస్తువు ఏదీ పెట్టవద్దు. ఆ గోడ లోపలే గ్యాసు గొట్టం ఉంటుందని మెకానిక్కు చెప్పాడు.

రెండో డబ్బా గుత్తివంకాయ నిన్న తిని ఉంటారు. నూనె పైకి తేలిందా? మసాలా పట్టిందా? రాయండి.

పంకజాక్షి


చిత్తూరు,
16-5-1983.

పంకజాక్షికి,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోవద్దు. ఇక్కడ అంతా సవ్యంగా ఉంది. ఎనిమిదో తేదీన రెండో డబ్బా, గుత్తివంకాయ. చాలా బాగుంది. పదకొండున మూడో డబ్బా, ములక్కాయ పులుసు. అదీ చాలా బాగుంది. నిన్న నాలుగో డబ్బా, సొరకాయ కూర. సొరకాయ మెత్తగా, లేతగా, ఇప్పుడే కోసినట్టు ఉంది. అమ్మ ఒక్క పూట కూడా పస్తు లేదు. ఈ మాట ప్రమాణం చేసి చెప్పగలను.

అమ్మ ఊరికే ఒక మాట అడగమంది. చారుకు చింతపండు నిమ్మకాయంతా, ఉసిరికాయంతా? అలాగే కందిపప్పు ఎంతసేపు ఉడకాలి, పసుపు ముందా తర్వాతా? పన్నెండేళ్ళు అయింది కదా తను వంటింట్లోకి వెళ్ళి, మరిచిపోయిందట. ఊరికే తెలుసుకోవాలని.

ఎండలు జాస్తిగా ఉన్నాయి. నీ ఆరోగ్యం చూసుకో.

వరదయ్య


తిరుపతి,
18-5-1983.

ఏమండీ,

నాలుగో డబ్బాలో సొరకాయ లేదు.

నేను బయలుదేరే ముందురోజు పొద్దున, ఐసు అరలో పెట్టబోతూ సొరకాయ కూర మూత తీస్తే పులిసిన వాసన వచ్చింది. పారబోసి, డబ్బా కడిగి, ఇగిర్చి పెట్టుకున్న ఉలవచారు అందులో నింపాను. తలుపు మీద చీటీ మార్చడం మరిచాను. బస్సు చంద్రగిరి దాటాక గుర్తొచ్చింది. తీసి చూస్తే మీకే తెలుస్తుంది కదా, ఒక నవ్వు నవ్వుకుని రాస్తారు కదా అని ఊరుకున్నాను. లేతగా, ఇప్పుడే కోసినట్టు ఉందని రాశారు.

అత్తయ్య చారుకు చింతపండు మరిచిపోయే మనిషి కాదు. నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

ఇంట్లో ఏమైంది? ఆమెకు ఒంట్లో బాగాలేదా? మీకా? నాకు చదువు చెడుతుందని దాచిపెడుతుంటే, ఆ దాపరికంతోనే నా చదువు చెడుతోంది. నిన్న పాకం చూడమంటే పళ్ళెం చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. శనివారం లోపల నిజమైన జవాబు రాకపోతే ఆదివారం పొద్దున బస్సెక్కుతాను. సర్టిఫికెట్ లేకపోతే లేకపోయింది.

చింతపండు ఉసిరికాయంత. పప్పు ఉడికేటప్పుడే పసుపు.

పంకజాక్షి


చిత్తూరు,
20-5-1983.

పంకజా,

నేను మీ అత్త కుప్పమ్మను మాట్లాడతాండాను. రాసేది రంజాన్‌బీ కూతురు ఉమ్మే సల్మా. నేను చెప్పింది చెప్పినట్ల రాయమన్నాను, అది సిగ్గుపడతాది గానీ రాస్తాది.

నాకు ఏ రోగమూ లేదు. వాడికీ లేదు. రోగం వచ్చింది ఫ్రిజ్జుకు. ఎనిమిదో తేదీ ఆదివారం పొద్దున, గుత్తొంకాయ డబ్బా గోడకు కరుచుకోని ఉండాది. ముందు దినం కరెంటు పోయి వచ్చింది. "రేయ్, కొంచేపు తాళరా, అదే కరుగుతాది" అని నేను చెప్తానే ఉండాను. వినినాడా? స్క్రూడ్రైవరు తెచ్చి పొడిసినాడు. తుస్సుమనింది. పాము బుస కొట్టినట్ల. నా మోకాళ్ళు నొప్పులని నువ్వే గదా అంటావు, ఆ పొద్దు నేనే ముందు వాకిట్లో ఉండాను. వాడు నా ఎనక.

మద్దేనానికంతా కారిపోయింది. గుత్తొంకాయ మేం తింటిమి. మిగతా ఏడు డబ్బాలు వీధిలో పంచేసినాడు, చీటీలో ఏముంటే అది చెప్పుకుంటా. (పంకజత్తా, మాకు సొరకాయ అని ఇచ్చినారు, మూత తీస్తే ఉలవచారు. అన్న బాధలో ఉండాడని మా అమ్మ ఏమీ అనలేదు. ఇది నేను రాస్తాండాను – సల్మా.)

పొడులు, గొజ్జు నాలుగు దినాల్లో విసుగు పుట్టినాయి. అప్పుడు వాడు పొయ్యి ముట్టించినాడు. నేను గరిటె పట్టనంటిని, పట్టలేదు. నోరు కట్టుకుంటానని మాత్రం అనలేదు గదా? మంచం వంటింటి గడప కాడికి లాగించుకుంటిని. "పొప్పు కడుగురా" అంటే సబ్బు యాడుండాది అని అడిగినాడు. నీ మొగుడేనమ్మా, వేరేవాడు కాదు.

మొదటి దినం చారు చేసినాడు. చింతపండు నేను ఉసిరికాయంత అనే చెప్తిని. ముసలిదానికి గుర్తుండదని నమ్మక నీకు రాసి అడిగినాడు సూడు, ఆ పాపమే నిన్ను కంగారు పెట్టింది. ఆ చారులో ఉప్పు మూట పడినట్ల ఉండాది. నా ముందర కూర్చోని నా మొగమే చూస్తాండాడు. నేను వద్దంటే పస్తు. పస్తంటే టెలిగ్రాం. నువ్వు పదైదు దినాలు పొయ్యి కాడ నిలబడింది నేను చూళ్ళేదా? కండ్లు మూసుకోని తినేస్తిని. ఒక్క పూట గూడా పస్తు లేను, రాసుకో.

ఇప్పుడు ఉప్పు సరిగ్గా పడతాండాది. నువ్వు రావద్దు. వస్తే ఇన్ని దినాలు నా నాలికకు పడిన శిక్షంతా దండగ.

కుప్పమ్మ (వేలిముద్ర వేయమంటే సల్మా ఇంకు పూసింది, చీరంతా అయింది.)


చిత్తూరు,
20-5-1983.

పంకజాక్షికి,

అమ్మ ఏం చెప్పి రాయించిందో నాకు చూపించలేదు. సల్మా కవరు అంటించి, పోస్టు చేయమని చేతికిచ్చింది. కనుక నా వాంగ్మూలం విడిగా పంపుతున్నాను.

నేరం ఒప్పుకుంటున్నాను. స్క్రూడ్రైవరు నాది, చెయ్యీ నాదే. నువ్వు ఇనుప వస్తువు పెట్టవద్దని రాసిన జాబు పదో తేదీన అందింది. చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, ఫ్రిజ్జు వైపు చూడకుండా వరండాలో కూర్చున్నాను.

ఆ ఆదివారం మరునాడు టెలిగ్రాం ఇవ్వడానికి పోస్టాఫీసుకు వెళ్ళిన మాట నిజం. ఫారం తీసుకుని నీ చిరునామా రాశాను. "వెంటనే బయలుదేరు" అని రాశాను. తర్వాత కారణం రాయాలి. పాతికేళ్ళుగా ప్లీడరుగారికి అఫిడవిట్లు రాస్తున్నాను, కారణం లేనిది ఒక్కటీ రాయలేదు. "అన్నంలోకి పొడులు తప్ప ఏమీ లేదు" అని రాసి చూశాను. నడివయసు మగవాడు, ఒంట్లో ఏ జబ్బూ లేనివాడు, సెలవుల్లో ఇంట్లో ఉన్నవాడు. అన్నంలోకి పొడులు తప్ప ఏమీ లేదు! పక్కన నిలబడ్డ మనిషి చదువుతున్నాడేమోనని ఫారం చించి జేబులో వేసుకున్నాను.

అమ్మ నేను వండింది ఎలా తింటోందో నాకు తెలుసు. మొదటి రోజు నేను కూడా తిన్నాను. ఆమె ముఖం కదల్చలేదు. అప్పుడు నాకు అర్థమైంది, ఈ ఇంట్లో టెలిగ్రాం ఇవ్వకూడదనుకునేది నేనొక్కడినే కాదని.

సొరకాయ విషయంలో మాత్రం చాలా సిగ్గుగా ఉంది. నీ చీటీ చూసి రాశాను. నీ చీటీ తప్పు ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

వరదయ్య


తిరుపతి,
23-5-1983.

ఏమండీ,

రెండు కవర్లూ శనివారం సాయంత్రం అందాయి. అప్పటికే సంచి సర్దుకుని ఉన్నాను. అత్తయ్య జాబు చదువుతుంటే గదిలో పిల్లలు "ఏమైందక్కా, ఎందుకు నవ్వుతాండావు?" అని చుట్టూ చేరారు. చదివి వినిపించాను. సబ్బు దగ్గరికి వచ్చేసరికి ఒకతె మంచం మీంచి జారింది.

మీది తర్వాత ఒంటరిగా చదివాను.

ఫ్రిజ్జు గురించి కోపం లేదు. డబ్బాలు పంచినందుకు అసలే లేదు, పారబోయలేదు, అదే చాలు. కోపం వచ్చింది లేత సొరకాయకు. మీరు అబద్ధం రాయడం కన్నా అంత బాగా రాయడం నాకు కష్టమనిపించింది. రేపు నిజంగా బాగుందని మీరు రాస్తే నేనెలా నమ్మాలి?

ఇంత రాశాక నా వంతు కూడా చెప్పాలి. చదువు బాగానే ఉందని నేను రాసింది నిజం కాదు. సీసాల మీద అంటించే కాగితాలు, నిలవ ఉంచే మందుల పేర్లు, కొలతల పట్టిక, అన్నీ ఇంగ్లీషులో. తక్కినవాళ్ళు గబగబా చదువుతుంటే నేను అక్షరం అక్షరం కూడబలుక్కునేదాన్ని. రెండో రోజు సాయంత్రమే, ఇంటి నుంచి టెలిగ్రాం వస్తే బాగుండునని అనుకున్నాను. భయపడి వచ్చేశానని ఎవరూ అనరు. పాపం, సంసారం పిలిచిందని అంటారు. తపాలా మనిషి గేటు దగ్గర కనబడితే రోజూ చూసేదాన్ని. మీ ఉత్తరం వచ్చేది, అంతా సవ్యమని. ఇక చేసేదేముంది, పుస్తకం తీసేదాన్ని.

ఇప్పుడు పట్టికంతా తెలుగులో రాసుకున్నాను. నా పుస్తకం చూసి జ్ఞానాంబగారు, తక్కినవాళ్ళు కూడా రాసుకోవాలని అడిగి తీసుకున్నారు. ముప్పై ఒకటో తేదీన చేతి పరీక్ష. ఆదివారం బస్సెక్కలేదు. ఎక్కను.

కుక్కరు విజిలు మూడు వచ్చాక దించండి. మీరు ఐదు రానిస్తున్నారని నా అనుమానం.

పంకజాక్షి


చిత్తూరు,
26-5-1983.

పంకజాక్షికి,

విజిళ్ళు ఆరు రానిస్తున్నాను. ఎలా కనిపెట్టావో తెలియదు.

నువ్వు భయపడిన సంగతి అమ్మకు చదివి వినిపించాను. చదవనా వద్దా అని ఒక పూట ఆలోచించే చదివాను. అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. తర్వాత, "పంకజానా? అది భయపడిందా?" అంది. నమ్మలేదు. మళ్ళీ చదవమంది.

"భయపడితే ఏమిరా? పుస్తకంలో ఉండేదంతా వంటే గదా. నువ్వు ఉప్పు నేర్సుకోలేదా?" అంది.

"నాకు నువ్వు పక్కన ఉండావు గదమ్మా" అన్నాను.

"దానికి మనం ఈడ తింటాండేదే సాలు" అంది.

నిన్న బీరకాయ పప్పు చేశాను. బాగుందని రాయను, నువ్వు నమ్మవు. జరిగింది రాస్తాను. అడుగున కొంచెం మాడింది. పైది తిన్నాం. అడుగుది గీకి రంజాన్‌బీ కోళ్ళకు వేశాను. అవి తిన్నాయి.

ముప్పై ఒకటి సాయంత్రం బస్టాండుకు వస్తాను.

వరదయ్య


తిరుపతి,
31-5-1983.

ఏమండీ,

మీరు బస్టాండుకు వెళ్ళి ఎదురుచూడకూడదని, పొద్దున పరీక్ష అయి ఫలితం చెప్పగానే ఈ ఊరి నుంచి బయలుదేరుతున్న మునెయ్యగారి చేతికి ఈ జాబు ఇస్తున్నాను. ఆయనకు చిత్తూరు కోర్టు దగ్గరే అంగడి, సాయంత్రానికి మీ చేతికి ఇస్తానన్నారు.

గట్టెక్కాను. మామిడి గుజ్జు, నిమ్మ షర్బతు రెండింటికీ మంచి మార్కులే వచ్చాయి. ఇంగ్లీషు కాగితం మీద ఒక అక్షరం తప్పు రాశాను, జ్ఞానాంబగారు దిద్ది పక్కన పెట్టారు. సర్టిఫికెట్ చేతికి వచ్చింది. అత్తయ్యకు చెప్పండి, మీ నాలికకు పడిన శిక్ష దండగ కాలేదని.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ రేపటి నుంచే మరో పదిహేను రోజుల తరగతి ఉంది. మామిడి గుజ్జును పెద్ద ఎత్తున డబ్బాల్లో నింపి, గాలి చొరకుండా మూత బిగించే పని. మన చిత్తూరు కాయ దిగే కాలానికి సరిగ్గా పనికివచ్చే విద్య. ఎనిమిది మందికే చోటు. జ్ఞానాంబగారు మొదట కాలేజీ పిల్లలనే అడిగారు. తర్వాత నా వైపు చూసి, "మీకు ఇల్లుండాది కదమ్మా, ఈ నెలే ఎట్లో నెట్టుకొచ్చినారు. మళ్ళీ పదైదు దినాలంటే ఎవరు వండేది?" అన్నారు.

ముప్పై మంది ఉన్నారు గదిలో. నేను వండి పెట్టి వచ్చానని ఈసారి చెప్పడానికి లేదు. అత్తయ్య వండుతారనీ చెప్పడానికి లేదు.

"మా ఇంటాయన వండతాడు మేడం" అన్నాను.

ఎవరో వెనక నుంచి, "ఆయనకు వంటొచ్చా అక్కా?" అని అడిగారు.

"వస్తాది. అడుగంటకుండా ఇంకా రాలేదు" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే పేరు రాయించాను.

మిమ్మల్ని అడగకుండా రాయించానని మీకు కోపం రావచ్చు. వస్తే రాయండి, దాచవద్దు. కానీ పేరు కొట్టివేయించను. ముందుగా అడిగి ఉంటే మీరు సరేననేవారని నాకు నమ్మకం ఉంది. నేనే అడిగే ధైర్యం తెచ్చుకునేలోపు ఆ ఎనిమిది చోట్లూ నిండిపోయేవి.

జూన్ పదిహేను, బుధవారం. మధ్యాహ్నం తరగతి అయిపోగానే బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉంటాను. ఆ పూట నాక్కూడా కలిపి బియ్యం పోయండి.

పంకజాక్షి